తుప్పు గిన్నెని మళ్లీ నిప్పు మీదికి ఎక్కించడం: నా అనుభవం

క్యాంపింగ్‌కి పనికొచ్చే పాతకాలపు వంట సామాను పోగుచేయడమంటే నాకు ప్రాణం. పోత ఇనుప గిన్నెలు, ఎనామిల్ మగ్గులు, ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే సత్తు గిన్నెల సెట్లు, ఇత్తడి స్టవ్వులు, ఇవీ నేను వెతికేవి. వీటిని అద్దాల బీరువాలో పెట్టి చూసుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్ల ముచ్చట వాళ్లది. నేను మాత్రం నిప్పు మీదికి ఎక్కని గిన్నెని ఇంటికి తెచ్చుకోను. తెచ్చినదాన్ని బాగుచేసి, టెంటు పక్కన పొయ్యి పెట్టి, అందులో వండుకుని తినేదాకా అది నాదైనట్టు అనిపించదు. ఆ వ్యవహారమంతా నేను ఎలా చేస్తానో, ఎక్కడ జాగ్రత్తపడతానో రాస్తున్నాను.

"తేలికపాటి కొత్త గిన్నెలు ఉండగా ఇంత బరువు మోయడం దేనికి?" అని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. సామానంతా వీపున వేసుకుని కొండలెక్కే రోజున నేనూ పల్చటి టైటానియం గిన్నే పట్టుకెళ్తాను. నీళ్లు కాచుకోవడానికి అది చాలా బాగుంటుంది. కానీ టైటానియంలో వేడి పక్కలకి సరిగా పాకదు. మంట తగిలిన చోటే కాలుతుంది. ఉల్లిపాయలు వేస్తే నడిమధ్యవి మాడిపోతాయి, అంచుల్లోవి పచ్చిగా మిగిలిపోతాయి. నిజానికి పోత ఇనుములో కూడా వేడి అంత చురుగ్గా పాకదు. అయితే దాని మందం వల్ల వేడిని లోపల దాచుకుంటుంది. ఒకసారి కాలిందంటే, చల్లటి కూరగాయలు వేసినా, గాలి కొట్టి మంట కాస్త తగ్గినా, గిన్నె వెంటనే చల్లబడదు. మంట మన చెప్పుచేతల్లో లేని చోట ఆ గుణమే వంటని కాపాడుతుంది.

బండి ఆగిన చోటే టెంటు వేసుకుని రెండు మూడు రోజులు ఉండిపోయే క్యాంపింగ్ వేరు. అక్కడ బరువు లెక్కలోకి రాదు. పొద్దున్నే లేచి చితుకులు ఏరుకోవాలి, పొయ్యి రాజేయాలి, టీ కాచుకోవాలి, ఆ టీ తాగుతూ మధ్యాహ్నానికి ఏం వండాలో మాట్లాడుకోవాలి. ఇంట్లో అయితే వంట ఎప్పుడు తెములుతుందా అని చూస్తాం. అక్కడ మాత్రం ఆ పనిలో ఉండటానికే వెళ్తాం. ఒక బంగాళాదుంప తొక్క తీయడానికి ఎంతసేపు పట్టినా ఎవరికీ తొందర ఉండదు.

ఇక వెతకడం గురించి. ఎవరైనా పాత ఇల్లు ఖాళీ చేసి సామాను అమ్ముతున్నప్పుడు, పాత ఇనుము కొట్లలో, వారపు సంతల్లో, ఆన్‌లైన్‌లో, ఎక్కడైనా దొరకొచ్చు. నా మట్టుకు నేను చేత్తో పట్టుకుని చూడగలిగిన చోటే కొనడానికి ఇష్టపడతాను. ఫొటోలో పగులు కనిపించదు. పగులు వినపడుతుంది. గిన్నెని దాని తీగ కాడతో వేలాడదీసి చెక్క గరిటెతో చిన్నగా కొడితే ఖంగుమని మోగాలి. ఆ మోత కాసేపు సాగాలి. మొద్దుగా చప్పుడు చేసి ఆగిపోతే ఎక్కడో పగులు ఉందనే లెక్క. అలాంటిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దంటాను. నిప్పు మీద ఆ పగులు పెరుగుతుందే తప్ప తగ్గదు.

నా దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన డచ్ ఓవెన్, అంటే మూతున్న మందపాటి పోత ఇనుప గిన్నె, ఆ మోత విని తెచ్చుకున్నదే. మూడు కాళ్లు, ఎత్తుకోవడానికి లావుపాటి తీగ కాడ, చుట్టూ అంచు లేచిన మూత, పన్నెండు అంగుళాల వెడల్పు. ఒళ్లంతా ఎర్ర తుప్పు. లోపల అడుగున ఎప్పటిదో మాడు గట్టిగా పట్టేసి ఉంది. అమ్మిన పెద్దాయన చాలా నిజాయితీగా "ఇది వంటకి పనికిరాదండీ, మొక్క పెట్టుకోండి" అన్నారు. నేను చెక్కతో కొట్టి చూపించాను. ఆయన కూడా చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి కొట్టించుకుని విన్నారు. మూత వేసి అటూ ఇటూ నొక్కితే కదల్లేదు. తుప్పుని గోరుతో గీకితే పొడిలా రాలింది గానీ కింద లోతు గుంటలు లేవు. పైపై తుప్పు ఎంత భయంకరంగా కనిపించినా వదిలిపోతుంది. ఇనుమునే తినేసి గుంటలు చేసిన తుప్పుతోనే ఇబ్బంది.

ఇంకొకటి కూడా తప్పకుండా చూస్తాను. పాతరోజుల్లో గాలాలకు కట్టే సీసం గుళ్లు, తుపాకీ గుళ్లు ఇంట్లోనే పోసుకునేవాళ్లు. ఆ సీసాన్ని ఇలాంటి ఇనుప పాత్రల్లోనే కరిగించేవాళ్లు. లోపల బూడిద రంగులో మెత్తటి లోహపు చారలు కనిపిస్తే ఆ పాత్ర నాకు వద్దు. అనుమానంగా ఉంటే సీసాన్ని పట్టిచ్చే పరీక్ష పుల్లలు దొరుకుతాయి, తడిపి రుద్దితే రంగు మారుతుంది. సీసం పట్టిన పాత్రని ఎంత తోమినా వంటకి నమ్మలేం. దీంట్లో మొహమాటం పనికిరాదు.

గిన్నె వెనక్కి తిప్పి అడుగున ఉన్న కంపెనీ అక్షరాలు చదవడంలో ఉండే సరదా వేరు. అమెరికాలో గ్రిస్‌వోల్డ్ కంపెనీ 1865లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈరీ ఊళ్లో మొదలైంది. వాగ్నర్ 1891లో ఒహాయోలోని సిడ్నీలో పుట్టింది. లాడ్జ్ 1896లో టెనెసీలో మొదలై ఇప్పటికీ పోతపోస్తోంది. గ్రిస్‌వోల్డ్, వాగ్నర్ పాత పెనాల లోపలి భాగాన్ని పోత అయ్యాక యంత్రం మీద నున్నగా అరగదీసేవాళ్లు. అందుకే అవి పల్చగా, తేలిగ్గా, చేత్తో రాస్తే పలకలా ఉంటాయి. ఇప్పటి పెనాల్లో చాలావాటికి ఇసుక గరుకు అలాగే మిగిలి ఉంటుంది. ఆ గరుకు ఎక్కడిదంటే, ఇనుప పాత్రలు పుట్టేది ఇసుక అచ్చుల్లో. 1707లో ఇంగ్లండులో అబ్రహాం డార్బీ ఇనుప కుండల్ని ఇసుకలో పోతపోసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మూడు వందల ఏళ్లు దాటినా అసలు పద్ధతి అదే. ఇంకా పాత గిన్నెల అడుగున నిలువుగా ఒక గీత మచ్చ ఉంటుంది, దాన్ని గేట్ మార్క్ అంటారు. అచ్చులోకి ఇనుము పోసిన దారి అది. ఆ మచ్చ కనిపిస్తే గిన్నె చాలావరకు పంతొమ్మిదో శతాబ్దానిదే. పేరున్న పెనాలకి నకళ్లు కూడా తిరుగుతుంటాయి. అసలు పెనాన్నే అచ్చుగా పెట్టి పోసినవి కాబట్టి వాటి మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి.

ఇంటికి తెచ్చాక డచ్ ఓవెన్‌ని ఎలక్ట్రాలిసిస్ తొట్టిలో, అంటే నీళ్లలోకి కరెంటు పంపి తుప్పు వదలగొట్టే తొట్టిలో, దింపాను. పేరు పెద్దదే గానీ పని తేలిక. ప్లాస్టిక్ తొట్టి నిండా నీళ్లు, అందులో కొద్దిగా వాషింగ్ సోడా, పాతరకం 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్, పనికిరాని ఇనుప రేకు ముక్క. ఛార్జర్ నెగటివ్ క్లిప్పు గిన్నెకి, పాజిటివ్ క్లిప్పు రేకుకి తగిలించాలి. రెండూ నీళ్లలో ఒకదానికొకటి తగలకూడదు. క్లిప్పులు తగిలించాకే స్విచ్ వేయాలి, స్విచ్ ఆపాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. కాసేపటికి గిన్నె మీంచి సన్న బుడగలు లేస్తాయి. అది హైడ్రోజన్, కాబట్టి ఈ పని ఆరుబయటే, నిప్పుకి దూరంగా చేస్తాను. రేకు స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం పెట్టకూడదు. అందులో ఉండే క్రోమియం నీళ్లలోకి దిగి విషమవుతుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చేదేమిటంటే, తుప్పు, పాత మాడు రెండూ వదులుతాయి, అసలు ఇనుము మాత్రం చెక్కుచెదరదు. చిన్న తుప్పు మరకలకైతే ఇంత హంగామా అక్కర్లేదు. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి అరగంట నానబెట్టి తోమితే చాలు. ఎక్కువసేపు వదిలేస్తే వెనిగర్ ఇనుమునే తింటుంది. పెద్ద మంటలో పడేసి మాడు కాల్చేయమని సలహా ఇస్తుంటారు. నేను ససేమిరా ఒప్పుకోను. అంత వేడికి గిన్నె వంకరపోవచ్చు, పగలొచ్చు.

మర్నాడు బయటికి తీసి బ్రష్‌తో రుద్దితే నల్లటి బురదలాంటిది కారిపోయి, కింద ఇనుము అసలు రంగు కనిపించింది. లేత బూడిద రంగు. పోత ఇనుము నల్లగా పుడుతుందని చాలామంది అనుకుంటారు, ఆ నలుపు తర్వాత వచ్చేది. ఆ సమయంలో ఇనుము ఎంత సున్నితంగా ఉంటుందో చూసి తీరాలి. నీళ్లతో కడిగి పక్కన పెట్టి గుడ్డ అందుకునేలోపు అంచుల వెంబడి నారింజ రంగు పొర పాకడం మొదలవుతుంది. కళ్ల ముందే తుప్పు పడుతుంది. గబగబా తుడిచి, వేడి మీద పూర్తిగా ఆరబెట్టి, ఇంకా వెచ్చగా ఉండగానే నూనె రాసేయాలి.

నూనె దగ్గరే ఓపిక కావాలి. అవిసె నూనె బాగుంటుందని కొందరంటారు గానీ అది పెళుసుగా తయారై పొరలు పొరలుగా లేచిపోవడం చూశాను. మామూలు సన్‌ఫ్లవర్ నూనె చాలు. లోపలా బయటా, కాళ్లకీ, మూతకీ, అంతటా రాసి, తర్వాత పొడి గుడ్డతో మళ్లీ మళ్లీ తుడిచేయాలి. వేలు పెడితే జిడ్డు అంటకూడదు. ఎక్కువైన నూనె ఎండి జిగురుగా మారి గిన్నెకి బంకలా పట్టుకుంటుంది. బోర్లించి వంటింటి ఓవెన్‌లో 230 డిగ్రీల దగ్గర గంట ఉంచి, లోపలే చల్లారనివ్వాలి. ఆ వేడికి నూనెలోని అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఒకదానికొకటి ముడిపడి గట్టి పొరగా మారతాయి. సీజనింగ్ అంటే ఇదే. మొదటి పూతకి గిన్నె గోధుమ రంగులోకి వస్తుంది, తర్వాతి పూతలకి ముదురుతూ పోయి నల్లబడుతుంది. ఆపైన నలుపు తెచ్చేది వంటే.

దాన్ని మొదటిసారి బయటికి తీసుకెళ్లినప్పుడు రొట్టె కాల్చాను. డచ్ ఓవెన్ గొప్పదనమంతా మూత మీది అంచులో ఉంది. ఆ అంచు ఉండబట్టే నిప్పులు పైన కూడా పేర్చగలం, అడుగు నుంచీ పైనుంచీ వేడి తగిలి గిన్నె చిన్న బట్టీ అవుతుంది. బొగ్గు బిళ్లలు ఎన్ని పెట్టాలో ఒక పాత లెక్క ఉంది. మూత వెడల్పు ఎన్ని అంగుళాలో దానికి మూడు కలిపి పైన, మూడు తీసేసి కింద. పన్నెండు అంగుళాల గిన్నెకి పైన 15, కింద 9. దాదాపు 175 డిగ్రీల వేడి వస్తుంది. కట్టెల నిప్పులకి ఇలా లెక్క కుదరదు, చెయ్యి దగ్గర పెట్టి సెగ చూసుకోవడమే.

పావుగంటకోసారి గిన్నెని పావు వంతు కుడికి తిప్పాలి, మూతని పావు వంతు ఎడమకి తిప్పాలి. అప్పుడు ఒకే నిప్పు ఒకే చోట తగలదు. మూత తీయడానికి పొడవాటి ఇనుప కొక్కెం ఉంటుంది. దాన్ని మూత పిడికి తగిలించి, ఏమాత్రం వంచకుండా నిటారుగా ఎత్తాలి. వంగితే బూడిదంతా రొట్టె మీదే. నేను ఊపిరి బిగబట్టి ఎత్తేసరికి ముందు ఆవిరి మొహాన కొట్టింది. ఆవిరి పోయాక చూస్తే రొట్టె పొంగి, పైన పగిలి, ఆ పగుళ్ల అంచులు ఎర్రగా వేగి ఉన్నాయి. చెక్క పలక మీదికి బోర్లిస్తే అడుగు అంటుకోకుండా జారి పడింది. అంతకుముందు చేసిన రుద్దుడు, తుడుపు అంతా ఆ ఒక్క జారుడులో గిట్టుబాటైంది. చల్లారాక కోయాలంటారు. అక్కడున్న ఎవరూ ఆగలేదు, చేత్తో తుంపుకుని తిన్నాం.

సత్తు గిన్నెల సెట్లకి ఇంత సేవ అక్కర్లేదు. పాత స్కౌట్ మెస్ కిట్ చేతిలోకి తీసుకుంటే దాన్ని తయారుచేసినవాడి బుర్రకి దండం పెట్టాలనిపిస్తుంది. పెనం, ప్లేటు, మూతతో సహా చిన్న గిన్నె, కప్పు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. పెనం కాడే మడత పడి మొత్తాన్ని బిగించి పట్టుకుంటుంది. సొట్టలు పోయినవే ఎక్కువగా దొరుకుతాయి, చెక్క ముక్క ఆనించి తట్టి సరిచేసుకోవచ్చు. లోపల నల్లబడితే కంగారుపడనక్కర్లేదు. నీళ్లలోని ఖనిజాల వల్ల వచ్చే మరక అది. నిమ్మరసం పిండిన నీళ్లు మరిగిస్తే పోతుంది. పులుపు వంటలు మాత్రం అందులో నిలవ ఉంచను. ఖాళీ గిన్నెని నిప్పుల మీద మర్చిపోవడం కూడా ప్రమాదమే, అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. బాగా రాజుకున్న నిప్పులకి ఆ వేడి పెద్ద లెక్క కాదు. బయటివైపు మసి పట్టకుండా ఉండాలంటే, పొయ్యి మీద పెట్టేముందు తడి సబ్బు పల్చగా పూయాలి. తర్వాత మసి సబ్బుతో పాటే నీళ్లలో కొట్టుకుపోతుంది.

ఎనామిల్ మీద నాకున్న మక్కువ చెప్పలేనిది. నీలం మీద తెల్లటి చుక్కలు, నల్లటి అంచు, పొద్దుటి చలిలో రెండు చేతులతో పట్టుకున్న మగ్గు. ఎనామిల్ అంటే ఉక్కు రేకు మీద గాజు పొడి పూసి దాదాపు 800 డిగ్రీల వేడిలో కాల్చిన పూత. గాజు కాబట్టి రుచి మార్చదు, పులుపుకి లొంగదు. గాజు కాబట్టే దెబ్బ తగిలితే పెచ్చులూడుతుంది. బయట, అడుగున పెచ్చు పోతే నాకు పట్టింపు లేదు. లోపల పోతే ఆ పాత్ర తాగడానికీ వండటానికీ వద్దు, గాజు రజను తిండిలో కలుస్తుంది. ఖాళీగా కాల్చకూడదు, కాగుతుండగా చన్నీళ్లు పోయకూడదు. బాగా పాత పసుపు, నారింజ, ఎరుపు రంగు వాటి లోపలి పూతలో సీసం గానీ కాడ్మియం గానీ ఉండే వీలుంది, అందుకని అలాంటివి నేను తీసుకోను. జింకు పూత ఉన్న బకెట్లనూ వంటకి వాడను.

రాగి, ఇత్తడి గిన్నెలకి లోపల కళాయి, అంటే తగరం పూత, చూడాలి. కళాయి అరిగి ఎర్ర రంగు బయటపడితే మళ్లీ పోయించాకే వంట. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి నూనె వేపుళ్లకు కళాయి గిన్నె వద్దు.

వాన పడి కట్టెలు తడిసినా, నిప్పు రాజేయడానికి అనుమతి లేకపోయినా ఇత్తడి స్టవ్వులే దిక్కు. ఒత్తి లేని పంపు స్టవ్‌ని 1892లో స్వీడన్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ తయారుచేశాడు. దాని పేరే ప్రైమస్. కిరోసిన్‌ని ముందు ఆవిరి చేసి మండించడం వల్ల మసి లేని నీలి మంట వస్తుంది. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందం మంచు కరిగించుకున్నది ప్రైమస్‌ల మీదే. నా దగ్గరున్న ప్రైమస్ పంపు కొట్టినా గాలి పట్టేది కాదు. పంపు కాడ బయటికి లాగి చూస్తే చివరనున్న తోలు వాషర్ ఎండి, ముడుచుకుని, గోళీ అంత అయిపోయింది. నూనెలో ఒక రాత్రి నానబెట్టి, వేళ్లతో మెల్లగా అంచులు విప్పదీసి మళ్లీ దూర్చాను. మొదటి దెబ్బకే చేతికి గాలి బిగువు తగిలింది. ఆ బిగువు తగిలినప్పటి ఆనందం ఇంకెవరికైనా చెబితే అర్థమవుతుందో లేదో తెలియదు, పాత స్టవ్వులు బాగుచేసేవాళ్లకి మాత్రం చెప్పక్కర్లేదు. 1955లో వచ్చిన స్వేయా 123 అనే పెట్రోలు స్టవ్‌కి పంపు కూడా లేదు. మంట వేడికే ట్యాంకులో ఒత్తిడి పుట్టి పెట్రోలు పైకి వస్తుంది. ఏ స్టవ్ అయినా వెలిగించేముందు సబ్బు నీళ్లు పూసి లీకు చూస్తాను, మూతలోని సేఫ్టీ వాల్వ్ చూస్తాను. టెంటు లోపల మాత్రం ఎప్పుడూ వెలిగించను. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

తిరుగు ప్రయాణానికి ముందు నిప్పుల మీద నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి సెగ లేదనుకున్నాకే కదులుతాను. గిన్నెలు కడిగిన నీళ్లు వాగుకి కనీసం 60 మీటర్ల దూరంలో పోస్తాను. ఇనుప గిన్నెని వేడినీళ్లతో కడిగి, పొయ్యి సెగకి ఆరబెట్టి, పల్చగా నూనె రుద్దుతాను. ఇంటికి చేరాక మూతకీ గిన్నెకీ మధ్య మడిచిన కాగితం పెట్టి కాస్త సందు వదిలితే లోపల చెమ్మ పట్టదు.

ప్రస్తుతం మూత లేని 8వ నంబరు గిన్నె ఒకటి నా దగ్గర ఉంది. ఆ 8 అంటే అంగుళాల లెక్క కాదు, పాత కట్టెల స్టవ్వుల పైనుండే రంధ్రాల సైజుని బట్టి వేసిన నంబరు. అదే నంబరున్న పెనం దాదాపు పదిన్నర అంగుళాలుంటుంది. పైగా ఒక కంపెనీ 8 మూత ఇంకో కంపెనీ 8 గిన్నెకి కూర్చోదు. అందుకని గిన్నె నోటి కొలతకి అట్ట ముక్క గుండ్రంగా కత్తిరించి సంచిలో పెట్టుకు తిరుగుతున్నాను, ఎక్కడ మూత కనిపించినా దాని మీద పెట్టి చూస్తున్నాను. దొరికేదాకా దాన్ని మూత అక్కర్లేని వేపుళ్లకు వాడుతున్నాను.